డేటాలో ఖాళీ గడులు, మల్టిపుల్ ఇంప్యూటేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

థీసిస్ డేటాతో వచ్చే పీజీ డాక్టర్లు, పీహెచ్‌డీ స్కాలర్లు, సర్వే పనులు చేసే మిత్రులు నన్ను ఎక్కువగా అడిగేది మిస్సింగ్ డేటా గురించే. ఎక్సెల్ షీట్ తెరవగానే అక్కడక్కడా ఖాళీ గడులు, సబ్మిషన్‌కి పది రోజుల టైమ్, మనిషికి టెన్షన్. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్తూ వచ్చినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఉదాహరణలకి వీలైనంతవరకు ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే ఎయిర్‌క్వాలిటీ టేబుల్ వాడాను. 1973 మే నుంచి సెప్టెంబర్ దాకా న్యూయార్క్‌లో 153 రోజుల గాలి, ఎండ, వేడి వివరాలు అందులో ఉంటాయి. ఎవరైనా తెరిచి నేను చెప్పిన అంకెలు సరిచూసుకోవచ్చు.

అసలు మల్టిపుల్ ఇంప్యూటేషన్ అంటే ఏమిటి?

ఖాళీ గడిలో ఏదో ఒక విలువ పెట్టేసి ఊరుకోకుండా, అక్కడ ఉండటానికి వీలున్న విలువల్ని చాలాసార్లు తీసి, ప్రతిసారీ ఒక నిండు టేబుల్ తయారు చేయడం. 20 సార్లు తీస్తే 20 టేబుళ్లు వస్తాయి. మీరు నిజంగా కొలిచిన విలువలు అన్ని టేబుళ్లలోనూ అవే ఉంటాయి. పూరించిన గడుల్లో మాత్రం టేబుల్‌కీ టేబుల్‌కీ తేడా ఉంటుంది. ప్రతి టేబుల్ మీదా మీరు చేయాలనుకున్న అనాలిసిస్‌నే చేసి, వచ్చిన 20 జవాబుల్ని ఒక లెక్క ప్రకారం ఒక్కటిగా కలుపుతారు.

ఈ ఆలోచన డొనాల్డ్ రూబిన్‌ది. ఖాళీలు ఎన్ని రకాలో 1976లో ఒక వ్యాసంలో విడదీసి చెప్పారు, 1987లో ఈ పద్ధతి మీద పూర్తి పుస్తకం రాశారు. ఆయన మనసులో ఉన్నది పెద్ద సర్వేలు. ఒకే డేటా ఫైల్‌ని వేలమంది వాడుకుంటారు, అందరూ ఖాళీలతో విడివిడిగా కుస్తీ పట్టలేరు. ఖాళీల సంగతి బాగా తెలిసినవాళ్లే ఒకసారి జాగ్రత్తగా పూరించి ఇస్తే మిగతావాళ్లు తమ పని తాము చేసుకుంటారని ఆయన ఉద్దేశం. అమెరికా ఫెడరల్ రిజర్వ్ వాళ్ల కుటుంబ ఆర్థిక సర్వే ఇప్పటికీ ఒక్కో కుటుంబానికి ఐదు పూరించిన రికార్డులతో విడుదలవుతుంది.

లేని డేటాని మనమే పుట్టించడం కదా ఇది? కాకిలెక్కలు అనరా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు గౌరవం, ఎందుకంటే డేటా విషయంలో వాళ్లకి నిజాయితీ ఉంది. కాస్త ఓపిగ్గా చెప్తాను.

పూరించిన విలువని మనం ఎక్కడా ఫలితంగా చూపించం. "ఫలానా పేషెంట్‌కి కొలెస్ట్రాల్ 212" అని ఎవరికీ చెప్పం. మనకి కావలసింది మొత్తం మీద సగటు ఎంత, రెండు గ్రూపుల మధ్య తేడా ఎంత, వయసు పెరిగితే రిస్క్ ఎంత పెరుగుతుంది లాంటివి. ఆ జవాబు చేరడానికి పూరించిన గడులు ఒక మెట్టు మాత్రమే.

కాకిలెక్క ఎప్పుడు అవుతుందంటే, తెలియని దాన్ని తెలిసినట్టు చూపించినప్పుడు. ఖాళీలో ఒకే అంకె పెట్టేస్తే, దాన్ని కూడా నిజంగా కొలిచినట్టే సాఫ్ట్‌వేర్ లెక్కేస్తుంది. 100 మందిలో 30 మందికి రీడింగ్ లేకపోయినా 100 మందికీ ఉన్నంత ధీమాగా జవాబు ఇస్తుంది. మల్టిపుల్ ఇంప్యూటేషన్‌లో అలా జరగదు. ఖాళీ దగ్గర ఒక టేబుల్‌లో 180, ఇంకోదాంట్లో 231, మరోదాంట్లో 204 వస్తాయి. ఆ ఊగిసలాటే మనకి తెలియనితనం. అది చివరి దాకా వెంట వచ్చి కాన్ఫిడెన్స్ ఇంటర్వల్‌ని, అంటే అసలు జవాబు ఉండొచ్చని మనం చెప్పే హద్దుల్ని, వెడల్పు చేస్తుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే: మనకి ఎంత తెలియదో అది కూడా లెక్కలోకి వస్తుంది.

ఖాళీలున్న వరసల్ని తీసేస్తే గొడవే ఉండదు కదా సార్?

ఎయిర్‌క్వాలిటీ టేబుల్ చూడండి. ఆరు కాలమ్‌లు, 153 వరసలు, మొత్తం 918 గడులు. ఖాళీలు 44 మాత్రమే, ఓజోన్‌లో 37, ఎండ తీవ్రతలో 7. అంటే 5 శాతం కూడా లేవు. కానీ ఖాళీ ఉన్న ప్రతి వరసనీ తీసేస్తే 42 రోజులు పోయి 111 మిగులుతాయి. 5 శాతం ఖాళీలకి 27 శాతం డేటా బలి. కాలమ్‌లు పెరిగేకొద్దీ ఇది ఇంకా ముదురుతుంది. పది వేరియబుల్స్ (అంటే పది కాలమ్‌లు), ఒక్కోదాంట్లో 5 శాతం ఖాళీ, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడ్డాయనుకుంటే, పూర్తిగా నిండిన వరసలు 60 శాతమే ఉంటాయి. వేరియబుల్స్ ఇరవై అయితే 36 శాతం.

వరసలు తగ్గితే బలం తగ్గడం ఒక నష్టం. మిగిలినవాళ్లు మొత్తం జనాభాలా లేకపోవడం అంతకన్నా పెద్ద నష్టం. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే) టెస్టు బయట ల్యాబ్‌లో డబ్బు కట్టి చేయించుకోవాల్సి వస్తే, ఆ గడి నిండినవాళ్లు ఎక్కువగా కాస్త ఉన్నవాళ్లే అవుతారు. వాళ్ల మీద అనాలిసిస్ చేసి "మా హాస్పిటల్ పేషెంట్లు" అని రాస్తే అది నిజం కాదు.

అయితే ఒక మాట. తీసేయడం ఎప్పుడూ తప్పే అని చాలామంది బట్టీపట్టి చెప్తారు, అది సరికాదు. రిగ్రెషన్‌లో (కొన్ని వేరియబుల్స్ నుంచి ఒక ఫలితాన్ని లెక్కగట్టే మోడల్‌లో) ఖాళీలు ఎక్స్ వైపు, అంటే ఆ వేరియబుల్స్‌లో ఉండి, అవి ఖాళీ కావడానికి అవుట్‌కమ్‌తో (ఆ ఫలితంతో) సంబంధం లేకపోతే, నిండు వరసలతో చేసిన రిగ్రెషన్ కో-ఎఫిషియంట్లు (ఒక్కో వేరియబుల్ ప్రభావం ఎంతో చెప్పే అంకెలు) పక్కదారి పట్టవు. ఖాళీలు అవుట్‌కమ్‌లో మాత్రమే ఉండి, పూరించడానికి మీ మోడల్‌లో లేని అదనపు సమాచారం ఏదీ మీ దగ్గర లేకపోతే, ఇంప్యూటేషన్ చేసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. అలాంటప్పుడు శ్రమ పడకండి.

పోనీ, సగటు పెట్టేస్తే?

వద్దు. ఎయిర్‌క్వాలిటీలో కొలిచిన 116 ఓజోన్ విలువల సగటు 42.1, స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది) 33. ఖాళీగా ఉన్న 37 గడుల్లోనూ 42.1 పెట్టండి. సగటు మారదు కానీ స్టాండర్డ్ డీవియేషన్ 28.7కి పడిపోతుంది. ఎండలు మండిన రోజుకీ, ముసురు పట్టిన రోజుకీ ఒకే ఓజోన్ ఇచ్చేశాం కాబట్టి, వేడితో ఓజోన్‌కి ఉన్న సంబంధం కూడా పలచబడుతుంది.

మీడియన్ పెట్టినా ఇదే బాధ. రిగ్రెషన్ గీత మీద విలువ తీసి పెడితే బాధ తిరగబడుతుంది, పూరించిన చుక్కలన్నీ గీత మీదే బుద్ధిగా కూర్చుని సంబంధాన్ని ఉన్నదానికన్నా గట్టిగా చూపిస్తాయి. ట్రయల్స్‌లో మధ్యలో మానేసినవాళ్లకి చివరిసారి వచ్చిన రీడింగ్‌నే ముందుకి లాగడం ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేది. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కమిటీ 2010లో ఇచ్చిన నివేదికలో, దాని వెనకున్న ఊహకి శాస్త్రీయమైన ఆధారం ఉంటే తప్ప దాన్ని ప్రధాన పద్ధతిగా వాడొద్దని చెప్పింది.

ఎంసీఏఆర్, ఎంఏఆర్, ఎంఎన్ఏఆర్. ఎన్నిసార్లు చదివినా తికమకే!

తప్పు మీది కాదు, పేర్లే అలా ఉన్నాయి. గడి ఎందుకు ఖాళీ అయిందన్న దాన్ని బట్టి చెప్పే మూడు రకాలివి. ఒక డయాబెటిస్ ఫాలో-అప్ స్టడీ అనుకుని, హెచ్‌బీఏ1సీ గడి ఎందుకు ఖాళీగా ఉందో అడుగుదాం.

ల్యాబ్‌లో ట్యూబ్ చేయి జారి పగిలింది. ఎవరి ట్యూబ్ అయినా పగలొచ్చు, వయసుకీ షుగర్‌కీ సంబంధం లేదు. ఇది ఎంసీఏఆర్ (మిస్సింగ్ కంప్లీట్లీ ఎట్ రాండమ్), పూర్తిగా యాదృచ్ఛికం. నిజ జీవితంలో ఇది అరుదు.

పెద్ద వయసువాళ్లు రెండోసారి రాలేకపోయారు, బస్సు దిగి అంత దూరం నడవలేక. వాళ్ల వయసు మీ దగ్గర రాసి ఉంది. ఒకే వయసు, ఒకే ఊరి దూరం, ఒకే పాత రీడింగ్ ఉన్న ఇద్దరిని పక్కపక్కన పెడితే, వచ్చినాయనకీ రానాయనకీ ఇప్పటి షుగర్‌లో క్రమమైన తేడా ఏమీ లేదనుకోండి. అది ఎంఏఆర్ (మిస్సింగ్ ఎట్ రాండమ్). పేరులో "రాండమ్" అని ఉన్నా, ఖాళీలు ఎటుపడితే అటు పడ్డాయని అర్థం కాదు. ఖాళీకి కారణం మీరు కొలిచిన వేరియబుల్స్‌లో పట్టుబడుతుందని మాత్రమే అర్థం. మామూలుగా చేసే మల్టిపుల్ ఇంప్యూటేషన్ ఈ ఊహ మీదే నిలబడుతుంది.

షుగర్ బాగా పెరిగిందని తనకే తెలుసు, డాక్టర్ గారు తిడతారని రాలేదు. ఖాళీకి కారణం ఆ ఖాళీలో ఉండాల్సిన విలువే. ఇది ఎంఎన్ఏఆర్ (మిస్సింగ్ నాట్ ఎట్ రాండమ్). దీని సంగతి కింద విడిగా చెప్తాను.

నా డేటా ఏ రకమో టెస్ట్ చేసి తేల్చొచ్చా?

లిటిల్ టెస్ట్ ఒకటి ఉంది, రోడరిక్ లిటిల్ 1988లో ఇచ్చింది. అది ఎంసీఏఆర్ కాదని చెప్పగలదు. ఎంఏఆరా, ఎంఎన్ఏఆరా అన్నది మాత్రం ఉన్న డేటా నుంచి ఏ టెస్టూ తేల్చలేదు, ఎందుకంటే తేల్చడానికి కావలసిన విలువలే ఖాళీగా ఉన్నాయి. టెస్టులో పీ వాల్యూ (అసలు తేడా లేకపోయినా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.05 దాటింది కదా అని "మా డేటా ఎంసీఏఆర్" అని రాసేవాళ్లని చాలామందిని చూశాను. శాంపిల్ చిన్నదైతే ఆ టెస్టుకి ఏదీ కనిపించదు, అంతే.

దానికన్నా ఖాళీల్ని కళ్లతో చూడండి. ఎయిర్‌క్వాలిటీలో ఓజోన్ ఖాళీలు 37 కదా, నెలలవారీగా విడదీయండి. మేలో 5, జూన్‌లో 21, జులైలో 5, ఆగస్టులో 5, సెప్టెంబర్‌లో 1. జూన్ 30 రోజుల్లో తొమ్మిది రోజులకే రీడింగ్ ఉంది. ఈ ఒక్క చిన్న పట్టిక చాలు, ఖాళీలు సమానంగా చల్లినట్టు పడలేదని చెప్పడానికి. నెల అనే వేరియబుల్‌ని ఇంప్యూటేషన్‌లో పెట్టకపోతే తప్పని కూడా అదే చెప్తుంది.

ఆ తర్వాత డేటా తెచ్చినవాళ్లతో మాట్లాడండి. ఇంటింటికీ తిరిగిన ఆశా కార్యకర్తకీ, ఓపీలో కూర్చున్న నర్సుకీ ఏ గడి ఎందుకు ఖాళీగా ఉందో తెలుస్తుంది. "ఆ వారం మిషన్ పాడైందండీ", "కౌలు రైతులు ఆదాయం చెప్పరండీ" లాంటి ఒక్క మాట ముందు సాఫ్ట్‌వేర్ ఇచ్చే పేజీల అవుట్‌పుట్ దిగదుడుపే.

నా డేటాలో ఖాళీలే లేవు. ఇదంతా నాకు అక్కర్లేదు కదా?

ఒకసారి ప్రతి కాలమ్‌లో కనిష్ఠం, గరిష్ఠం చూసి ఆ మాట చెప్పండి. మెషిన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లందరి చేతుల్లోనూ నలిగిన పీమా డయాబెటిస్ డేటా ఉంది, 768 మంది మహిళల వివరాలు. ఒక్క ఖాళీ గడీ కనిపించదు. కానీ అందులో 374 మందికి ఇన్సులిన్ సున్నా, 227 మందికి చర్మం మందం సున్నా, 35 మందికి బీపీ సున్నా, 11 మందికి బీఎంఐ సున్నా. బీపీ సున్నా ఉన్న మనిషి క్లినిక్‌కి నడిచి రాలేదు కదా. అవన్నీ ఖాళీలే, సున్నా వేషం వేసుకున్నాయి.

మన దగ్గర 99, 999 వాడుక ఎక్కువ. ఒకసారి నా చేతికి వచ్చిన షీట్‌లో సగటు హీమోగ్లోబిన్ 60 దాటింది. టెస్ట్ చేయనిచోట 999 కొట్టారు. అది ఇట్టే దొరికిపోయింది కాబట్టి సరిపోయింది. బరువు కాలమ్‌లో 99 కొడితే ఎవరు పట్టుకుంటారు? 99 కిలోల మనుషులు నిజంగానే ఉంటారు. డేటా ఎంట్రీ చేసినవాళ్లని అడగడం ఒక్కటే దారి.

ఖాళీ కనిపిస్తే చాలు, పూరించేయాలా?

లేదు. మగవాళ్ల వరసలో "ఎన్ని కాన్పులు" ఖాళీగా ఉంటే అది మిస్సింగ్ కాదు, ఆ ప్రశ్న వాళ్లకి వర్తించదు. "పొగ తాగుతారా" అంటే లేదన్నాయనకి "రోజుకి ఎన్ని సిగరెట్లు" ఖాళీ ఉంటే అక్కడ సున్నా. స్టడీ మధ్యలో చనిపోయినవారికి ఆరో నెల జీవన నాణ్యత స్కోరు పూరించడం నా దృష్టిలో అర్థం లేని పని. అక్కడ ఖాళీ వెనక దాగిన విలువంటూ ఏదీ లేదు.

ఇంప్యూటేషన్ లోపల అసలు ఏం జరుగుతుంది?

ఇప్పుడు ఎక్కువగా వాడేది చెయిన్డ్ ఈక్వేషన్స్ పద్ధతి. మొదట ఖాళీల్లో ఏవో తాత్కాలిక విలువలు వేసుకుంటుంది. తర్వాత ఒక్కో వేరియబుల్‌నీ మిగతా వాటి సాయంతో పూరిస్తుంది. ఓజోన్‌ని ఎండ, గాలి, వేడి, నెలల నుంచి, మళ్లీ ఎండని ఓజోన్, గాలి, వేడి, నెలల నుంచి. ఇలా చుట్టూ తిరుగుతూ కొన్ని రౌండ్లు అయ్యాక ఒక టేబుల్ పూర్తవుతుంది. ఇదంతా మళ్లీ మొదటి నుంచి, వేరే యాదృచ్ఛిక ఎంపికలతో చేస్తే రెండో టేబుల్.

ఒక్క గడిని దగ్గర నుంచి చూద్దాం. 1973 మే 5. గాలి గంటకి 14.3 మైళ్లు, గరిష్ఠ ఉష్ణోగ్రత 56 ఫారెన్‌హీట్. ఓజోన్ ఖాళీ, ఎండ కూడా ఖాళీ. గాలి, వేడి మాత్రమే పెట్టి ఓజోన్‌కి మామూలు రిగ్రెషన్ వేస్తే, వేడి ఒక డిగ్రీ పెరిగితే ఓజోన్ 1.84 పెరుగుతుందని, గాలి ఒక మైలు పెరిగితే 3.06 తగ్గుతుందని వస్తుంది. ఆ గీత మీద మే 5కి లెక్క కడితే మైనస్ 12! గాలిలో ఓజోన్ మైనస్‌లో ఉండదు. చల్లగా, గాలి బాగా వీచిన రోజుకి గీత నేల కిందికి దిగిపోయింది.

ఇక్కడే ప్రెడిక్టివ్ మీన్ మ్యాచింగ్ అక్కరకి వస్తుంది. గీత చెప్పిన విలువని అది గడిలో పెట్టదు. గీత మీద మే 5కి దగ్గరగా పడే రోజులు, ఓజోన్ నిజంగా కొలిచిన రోజులు, ఏవేవో వెతుకుతుంది. మే 8న వేడి 59, గాలి 13.8, కొలిచిన ఓజోన్ 19. మే 15న వేడి 58, గాలి 13.2, ఓజోన్ 18. ఇలాంటి నాలుగైదు రోజుల్లోంచి ఒకదాన్ని చీటీ తీసినట్టు తీసి, దాని నిజమైన విలువని మే 5కి అప్పు ఇస్తుంది. ఇంకో టేబుల్‌లో ఇంకో రోజు అప్పు ఇస్తుంది. మైనస్‌లు రావు, ఎవరూ కొలవని వింత అంకెలూ రావు. ఆర్‌లోని మైస్ ప్యాకేజీ అంకెల వేరియబుల్స్‌కి మామూలుగా ఎంచుకునేది దీన్నే, ఒక్కో ఖాళీకి ఐదుగురు దాతలతో (విలువని అప్పు ఇవ్వగల వరసలతో).

దీనికీ హద్దుంది. శాంపిల్ మరీ చిన్నదైతే దగ్గరి దాతలు దొరకరు, ఒకే దాత పదే పదే తిరుగుతాడు.

అవుట్‌కమ్‌ని కూడా వాడి పూరించాలంటున్నారు. అది మోసం కాదా?

కాదు, వాడకపోవడమే తప్పు. గుండెపోటుకీ కొలెస్ట్రాల్‌కీ సంబంధం చూడాలి, కొలెస్ట్రాల్‌లో ఖాళీలున్నాయి అనుకోండి. గుండెపోటు వచ్చిందో లేదో చూడకుండా కొలెస్ట్రాల్ పూరిస్తే, పూరించిన ఆ విలువలకి గుండెపోటుతో ఉండాల్సిన సంబంధం ఉండదు. వాటిని అసలు విలువలతో కలిపితే మొత్తం సంబంధం సున్నా వైపు జారుతుంది. ఖాళీలు ఎంత ఎక్కువైతే అంత జారుడు.

ఇంప్యూటేషన్ సరిగ్గా కుదరకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లో 2007లో వచ్చిన క్యూరిస్క్ అధ్యయనం చూపించింది. గుండె జబ్బు రిస్క్ లెక్కగట్టే ఆ స్కోరులో, మొదటి ప్రచురణలో, కొలెస్ట్రాల్‌కీ గుండె జబ్బుకీ దాదాపు సంబంధమే లేదని వచ్చింది. డాక్టర్లెవరూ నమ్మలేకపోయారు. కొలెస్ట్రాల్ వివరాలు దాదాపు 70 శాతం మందికి లేవు, వాటిని ఇంప్యూట్ చేశారు. వివరాలన్నీ నిండుగా ఉన్నవాళ్లని మాత్రమే తీసి చూస్తే సంబంధం స్పష్టంగా కనిపించింది. ఇంప్యూటేషన్‌ని సరిదిద్ది మళ్లీ చేస్తే అప్పుడూ కనిపించింది. అందుకే నిండు వరసల ఫలితాన్నీ, ఇంప్యూటేషన్ ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఎవరూ పేపర్ పంపొద్దని నా విన్నపం.

ఇంకా ఏ వేరియబుల్స్ పెట్టాలి?

చివరి మోడల్‌లో ఉండబోయేవన్నీ తప్పకుండా. వాటితో పాటు, ఖాళీ ఎందుకైందో చెప్పేవి, ఖాళీలోని విలువని ఊహించడానికి పనికొచ్చేవి. నడుము చుట్టుకొలత మీ మోడల్‌లో లేకపోయినా, బరువు ఖాళీగా ఉన్నచోట అది బంగారం.

మీ మోడల్‌లో వయసుకీ మందుకీ ఇంటరాక్షన్ (వయసుని బట్టి మందు ప్రభావం మారడం) ఉంటే, ఇంప్యూటేషన్‌కి కూడా ఆ సంగతి తెలియాలి. తెలియకపోతే, లేదన్నట్టే పూరిస్తుంది, తర్వాత మీరు వెతికినా దొరకదు. పేషెంట్లు పీహెచ్‌సీలవారీగానో, పిల్లలు స్కూళ్లవారీగానో గుంపులుగా ఉంటే గుంపుల్ని లెక్కలోకి తీసుకునే మల్టీలెవల్ ఇంప్యూటేషన్ వాడాలి. పేషెంట్ ఐడీ నంబర్‌ని మాత్రం పొరపాటున కూడా లోపల పెట్టొద్దు.

ఎన్ని టేబుళ్లు చేయాలి? ఐదు చాలంటారు కదా?

రూబిన్ సూత్రం ప్రకారం, సమాచారంలో సగం ఖాళీల వల్ల పోయినా, ఐదు టేబుళ్లతో 91 శాతం సామర్థ్యం వస్తుంది, ఇరవైతో దాదాపు 98. కంప్యూటర్లు నెమ్మదిగా నడిచే రోజుల్లో ఐదు అనడం సబబే. మైస్‌లో డిఫాల్ట్ ఇప్పటికీ ఐదే. కానీ ఐదు టేబుళ్లతో పీ వాల్యూ, ఇంటర్వల్ నిలకడగా ఉండవు, ఇవాళ 0.04 వచ్చింది రేపు 0.07 కావచ్చు. ఖాళీ ఉన్న వరసలు ఎంత శాతమో కనీసం అన్ని టేబుళ్లు చేయమని వైట్, రాయ్‌స్టన్, వుడ్ 2011లో ఒక సులువు చెప్పారు. 27 శాతం వరసల్లో ఖాళీలుంటే 30 చేయండి. ఇవాళ్టి ల్యాప్‌టాప్‌కి అది టీ తాగొచ్చేంత పని.

జవాబుల్ని కలిపే లెక్క ఒకసారి చేసి చూపిస్తారా?

తప్పకుండా. ఐదు టేబుళ్లు చేశాం, ఒక కో-ఎఫిషియంట్ ఇలా వచ్చిందనుకుందాం: 1.8, 2.1, 1.6, 2.3, 2.2. ప్రతి టేబుల్‌లోనూ స్టాండర్డ్ ఎర్రర్ (ఆ అంచనా ఎంత అటూ ఇటూ ఊగొచ్చో చెప్పేది) 0.5.

కో-ఎఫిషియంట్ల సగటు 2.0. చివరి జవాబు అదే.

ఇక స్టాండర్డ్ ఎర్రర్. ఒక్కో టేబుల్ లోపలి వేరియన్స్ (స్టాండర్డ్ ఎర్రర్ వర్గం) 0.5ని 0.5తో గుణిస్తే 0.25. టేబుళ్ల మధ్య వేరియన్స్‌కి, సగటు నుంచి తేడాల వర్గాలు కూడితే 0.34, దాన్ని నాలుగుతో భాగిస్తే 0.085. టేబుళ్లు ఐదే కాబట్టి దీన్ని కొంచెం పెంచాలి, ఒకటికి ఐదో వంతు కలిపి, అంటే 1.2తో గుణిస్తే 0.102. రెండూ కలిపితే 0.352. దాని వర్గమూలం 0.59.

ఒక్క టేబుల్‌తో సరిపెట్టుకుంటే 0.5 అని రాసేవాళ్లం. ఖాళీల వల్ల వచ్చిన అదనపు అనిశ్చితి కలిసి 0.59 అయింది. మొత్తం వేరియన్స్‌లో 29 శాతం, అంటే 0.352లో 0.102, ఖాళీల మూలంగా వచ్చిందే.

పీ వాల్యూల్ని మాత్రం ఇలా సగటు చేయకండి. ఆడ్స్ రేషియో (రెండు గ్రూపుల్లో ఒకటి జరిగే అవకాశాల నిష్పత్తి) అయితే ముందు లాగ్ తీసి, కలిపి, మళ్లీ వెనక్కి మార్చండి.

30 టేబుళ్లనీ సగటు చేసి ఒక్క టేబుల్ చేసుకుంటే సులువు కదా?

చేయకండి. అలా చేస్తే ఊగిసలాట మొత్తం చెరిగిపోయి, మళ్లీ సింగిల్ ఇంప్యూటేషన్ (ఖాళీలో ఒకే అంకె పెట్టేయడం) దగ్గరికే వస్తారు. అంత శ్రమా వృథా.

ఎంత శాతం ఖాళీలుంటే ఈ పద్ధతి పనికిరాదు?

5 శాతం లోపైతే పట్టించుకోవద్దు, 40 దాటితే వదిలేయాలి అనే మాటలు వింటుంటాం. గీత గీసినట్టు ఒక అంకె చెప్పడం నాకిష్టం లేదు. 50 శాతం ఖాళీలున్నా, వాటిని బాగా ఊహించగల వేరియబుల్స్ ఉంటే, కారణం తెలిస్తే, మంచి ఫలితం రావచ్చు. 8 శాతమే ఖాళీలైనా, ఆ 8 శాతం మంది జబ్బు ముదిరి రానివాళ్లే అయితే జవాబు తప్పుతుంది. శాతం కన్నా కారణం ముఖ్యం.

పూరించింది సబబుగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ట్రేస్ ప్లాట్ గీయండి, అంటే పూరించిన విలువల సగటు రౌండ్ రౌండ్‌కీ ఎలా మారిందో ఒక్కో టేబుల్‌కి ఒక్కో గీతగా చూపే పటం. రౌండ్లు సాగేకొద్దీ గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి దారపు చిక్కులా కనిపించాలి. ఒక్కో గీత తన దారిన పైకో కిందికో పోతుంటే ఇంకా కుదురుకోలేదని అర్థం. బరువు, ఎత్తు, బీఎంఐ మూడూ ఒకదాన్నొకటి పూరించుకునేలా పెట్టినప్పుడు ఇది తరచుగా కనిపిస్తుంది. తర్వాత కొలిచిన విలువల డెన్సిటీ (విలువలు ఎక్కడ ఎంత గుమిగూడాయో చూపే వంపు గీత), పూరించిన వాటి డెన్సిటీ ఒకదాని మీద ఒకటి వేసి చూడండి. రెండూ అచ్చు ఒకేలా ఉండాలని లేదు. తేడా ఉంటే దానికి కారణం మీరు చెప్పగలగాలి.

ఎంఎన్ఏఆర్ అని గట్టి అనుమానం. అప్పుడు?

అప్పుడు ఒకే జవాబు మీద నిలబడకుండా, "ఒకవేళ ఇలా అయి ఉంటే" అని అడుగుతూ పోవాలి. ఫాలో-అప్‌కి రానివాళ్ల హెచ్‌బీఏ1సీ మామూలుగా పూరించాక, వాళ్లందరికీ 0.5 కలిపి మళ్లీ అనాలిసిస్ చేయండి. తర్వాత 1.0, 1.5. దీన్ని డెల్టా సర్దుబాటు అంటారు. మందు పనిచేసిందన్న మీ ఫలితం ఎంత కలిపితే కూలిపోతుందో చూడండి. 0.5కే కూలితే ఫలితం బలహీనం. రానివాళ్ల షుగర్ 3 పాయింట్లు ఎక్కువ అనుకుంటే గానీ కూలలేదంటే, అంత తేడా ఉండే అవకాశం ఉందా అన్నది ఫిజీషియన్ చెప్పాలి. స్టాటిస్టిక్స్ అక్కడ ఆగి, వైద్యం తెలిసినవాళ్లకి మాట అప్పగించాలి.

ఏ సాఫ్ట్‌వేర్ వాడమంటారు?

ఆర్, మైస్ ప్యాకేజీ. ఉచితం. నెదర్లాండ్స్‌కి చెందిన స్టెఫ్ ఫాన్ బ్యూరెన్, కరిన్ గ్రూథుయిస్-ఔడ్‌షోర్న్ రాశారు. మైస్, విత్, పూల్ అనే మూడు ఫంక్షన్లతో పూరించడం, అనాలిసిస్, కలపడం అయిపోతాయి. స్టాటా, సాస్, ఎస్‌పీఎస్‌ఎస్‌లలోనూ సౌకర్యం ఉంది. పైథాన్‌లో సైకిట్-లెర్న్ ఇటరేటివ్ ఇంప్యూటర్‌ని మామూలుగా వాడితే ఒక్క టేబులే ఇస్తుందని గుర్తుంచుకోండి.

మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్ట్‌కి కూడా ఇదంతా కావాలా?

అక్కడ లక్ష్యం వేరు. కొత్త మనిషికి ప్రెడిక్షన్ సరిగ్గా రావడమే ముఖ్యమైతే ఒక్క మంచి ఇంప్యూటేషన్‌తో సరిపోవచ్చు. కానీ ఇంప్యూటర్‌ని (ఖాళీలు పూరించే ప్రోగ్రామ్‌ని) ట్రైనింగ్ డేటా (మోడల్‌కి నేర్పడానికి వాడే భాగం) మీద మాత్రమే నేర్పించాలి. మొత్తం డేటా పూరించేసి తర్వాత ట్రైన్, టెస్ట్ అని విడదీస్తే, టెస్ట్ సమాచారం ముందే లీకయిపోతుంది. పైన అవుట్‌కమ్ వాడమన్న సలహా కూడా ఇక్కడ చెల్లదు, రేపు వచ్చే మనిషికి అవుట్‌కమ్ ఇంకా జరగలేదు కదా.

నిన్న వచ్చిన జవాబు ఇవాళ రావడం లేదు!

సీడ్ నంబర్ (యాదృచ్ఛిక ఎంపికలు ప్రతిసారీ ఒకేలా వచ్చేలా చేసే అంకె) పెట్టలేదు. పెట్టి, థీసిస్‌లో రాయండి. సీడ్ మార్చి చూసినప్పుడు జవాబు బాగా మారుతుంటే టేబుళ్లు పెంచండి.

థీసిస్‌లో ఏం రాయాలి? గైడ్ గారు ఒక్క పేరాలో కావాలన్నారు.

పరిశీలనాత్మక అధ్యయనాలకి స్ట్రోబ్ మార్గదర్శకాలు కూడా మిస్సింగ్ డేటాని ఎలా ఎదుర్కొన్నారో రాయమంటాయి. ఎయిర్‌క్వాలిటీ మీదే చేసి ఉంటే నేనిలా రాస్తాను, మీ వివరాలతో మార్చుకోండి:

"153 రోజుల్లో 42 రోజుల రికార్డు అసంపూర్ణం. ఓజోన్ 37 రోజులకి, ఎండ తీవ్రత 7 రోజులకి లేవు. ఓజోన్ ఖాళీల్లో 21 జూన్ నెలవే. ఖాళీ కావడం నెల, గాలి, ఉష్ణోగ్రతల మీద ఆధారపడిందని భావించి, ఈ మూడింటితో పాటు ఓజోన్, ఎండ తీవ్రతలని కూడా ఇంప్యూటేషన్ మోడల్‌లో చేర్చాం. మైస్ ప్యాకేజీలో ప్రెడిక్టివ్ మీన్ మ్యాచింగ్‌తో 30 టేబుళ్లు, ఒక్కోదానికి 20 రౌండ్లు నడిపాం. ట్రేస్ ప్లాట్లు పరిశీలించాం. ఫలితాల్ని రూబిన్ సూత్రాలతో కలిపాం. పూర్తిగా నిండిన 111 రోజుల ఫలితం పక్కన ఇచ్చాం."

ఆ 111 రోజుల ఫలితం మీ ప్రధాన ఫలితానికి దూరంగా వస్తే దాచకండి. రెండు కాలమ్‌లూ అచ్చు వేసి, తేడా ఎక్కడ నుంచి వచ్చిందో కింద రెండు వాక్యాలు రాయండి. వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.